కంట్రోల్-జెడ్ లేని కోత

సీతమ్మధారలో మా పక్కింటివాడు ఇప్పుడు ఒరెగాన్‌లో ఉద్యోగం చేస్తూ, గరాజ్‌లో ఆర్వీ-7 విమానం కట్టుకుంటున్నాడు. మొన్న ఫోన్లో ఒకటే గోల: "కెనొపీ కొయ్యాలిరా, చెయ్యి రావట్లేదు!" కాక్‌పిట్ మీది ఆక్రిలిక్ బుడగ ఒకే ముక్కగా వస్తుందిట. దాన్నే కోసి ముందుది విండ్‌షీల్డు, వెనకది పట్టాల మీద జరిగే మూత చేసుకోవాలి. చలిలో కోస్తే పగిలి ఊరుకుంటుంది. నవ్వేశాను గానీ, తర్వాత కాస్త చదివాను.

1943 చివర్లో ఇంగ్లండుకొచ్చిన పీ-51బీ ముస్టాంగులకి చట్రాలతో, పక్కకి తెరిచే మూత ఉండేది. వెనక ఎవడు తరుముతున్నాడో సరిగ్గా కనపడేది కాదు. బ్రిటిష్ వాళ్ళు వెనక్కి జరిగే ఉబ్బెత్తు 'మాల్కం హుడ్' చేసి, చాలావాటికి అక్కడే బిగించారు. చూపు పెరిగింది, ప్రమాదంలో దూకడమూ తేలికయింది. 1944లో వచ్చిన పీ-51డీకైతే ఫ్యాక్టరీలోనే జరిగే బుడగ మూత పెట్టారు.

మావాడు మాత్రం ఎండాకాలం దాకా ఆగుతాట్ట. వైజాగ్ ఎండ కాస్త పార్సిల్ చెయ్యమన్నాడు!