అండాశయపు గడ్డ - ప్రతిధ్వని సాక్ష్యము

కృష్ణానదిలో భవానీపురం వద్ద పడవ నడిపేవారు వెదురు గడను నీటిలో దించి లోతు తెలుసుకొనేవారు. అడుగున తగిలినది ఇసుకయో, రాయియో కూడా గడ పట్టిన చేతికి తెలిసిపోతుంది. గడ అందని సముద్రంలో ఆ పని ధ్వని చేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ లాంజెవిన్, చెవికి వినిపించని అతిధ్వనులను క్వార్ట్‌జ్ స్ఫటికాలతో పుట్టించి నీటిలోనికి పంపాడు. జలాంతర్గామిని తాకి మరలివచ్చిన ప్రతిధ్వనిని పట్టుకొన్నాడు. తరువాత ఇదే పద్ధతితో లోహపు దిమ్మెలలోని పగుళ్ళను కూడా కనుగొనసాగారు.

స్త్రీల అండాశయంలో పెరిగే గడ్డ విషయంలో వైద్యులకు ఇట్టి సాధనమే కావలసి వచ్చింది. పొట్టను చేతితో తడిమిచూస్తే గడ్డ ఉన్నదని తెలియవచ్చును. కాని దానిలో ఉన్నది నీరో, కండయో తెలియదు. సాధారణ ఎక్స్-రే ఛాయలో కూడా ఈ రెండింటి భేదం సరిగా కనిపించదు.

1955 జూలైలో గ్లాస్గో విశ్వవిద్యాలయపు ప్రసూతిశాస్త్రాచార్యుడు ఇయాన్ డోనాల్డ్ ఒక బాయిలర్ల కార్ఖానాకు వెళ్ళాడు. శస్త్రచికిత్సలో తీసిన తిత్తులను, కణితులను కారులో వెంట తీసుకొనిపోయి, పగుళ్ళు వెదికే యంత్రంతో పరీక్షించాడు. నీటితిత్తికి ముందువైపు గోడ నుండి ఒక ప్రతిధ్వని, వెనుక గోడ నుండి మరొకటి వచ్చినవి, నడుమ నిశ్శబ్దం. గట్టి కణితిలోనైతే లోపలి భాగాల నుండి కూడా ప్రతిధ్వనులు వచ్చినవి.

ఆ తరువాత ఆయన వద్దకు ఒక రోగి వచ్చింది. ఆమెకు జీర్ణాశయపు కాన్సర్ ముదిరినదనీ, చికిత్స లేదనీ వైద్యులు తలచారు. యంత్రం మాత్రం పెద్ద తిత్తిని చూపింది. అది అండాశయపు తిత్తి. దానిని తీసివేయగా ఆమె కోలుకొన్నది. డోనాల్డ్, వైద్యుడు జాన్ మాక్‌వికార్, ఇంజనీరు టామ్ బ్రౌన్ కలిసి వ్రాసిన వ్యాసం 1958 జూన్ 7న ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినది.

విద్యార్థులు ఈ లెక్క కట్టి చూడవచ్చును. శరీరంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,540 మీటర్లు. ప్రతిధ్వని 0.0001 సెకనులో మరలివస్తే, పోయివచ్చిన దూరం 15.4 సెంటీమీటర్లు. కనుక తగిలిన గోడ 7.7 సెంటీమీటర్ల లోతున ఉన్నదన్నమాట.

అయితే మరొక చిక్కు మిగిలింది. తిత్తి గోడకు అంటుకొని ఒక ముద్ద కనిపించిందనుకొందాము. అది గడ్డకట్టిన రక్తమా, పెరుగుతున్న కణితియా? కణితి బ్రతకవలెనంటే దానికి రక్తం అందవలె. గడ్డకట్టిన రక్తంలో ప్రవాహం ఉండదు. కాబట్టి ముద్దలో రక్తం పారుతున్నదీ లేనిదీ చూడవలె.

దీనికి దారి అనుకోకుండా దొరికినది. 1968లో అమెరికాలోని రోచెస్టరులో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా గుండెను పరీక్షిస్తూ రక్తంలోనికి రంగుమందు ఎక్కించగా, తెరపై ప్రతిధ్వనుల మబ్బు కమ్మింది. మందుతోపాటు చేరిన గాలిబుడగలే దానికి కారణం. వాయువు ద్రవంకంటె సులభంగా కుంచించుకొని వ్యాకోచిస్తుంది. అందుచేత ప్రతి తరంగానికీ బుడగ స్పందించి బలమైన ప్రతిధ్వని నిస్తుంది.

ఉత్త గాలిబుడగలు క్షణాలలో కరగిపోయేవి. అందుచేత వాటికి పలుచని పొర తొడిగే పద్ధతులు వచ్చినవి. 2001లో ఐరోపాలో అనుమతి పొందిన మందులో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువును కొవ్వుజాతి పొరలో బంధించారు. ఈ బుడగలు ఎర్రరక్తకణాలకంటె చిన్నవి. రక్తనాళాలను దాటి బయటకు పోవు. పని ముగిశాక వాయువు ఊపిరితో వెలుపలికి పోతుంది.

ఈ మందు ఎక్కించి స్కానింగ్ చేసినప్పుడు ముద్ద వెలగకపోతే, అది రక్తపుగడ్డ కావచ్చును. కొన్ని వారాలు ఆగి తిరిగి చూడవచ్చును. వెలిగితే అది సజీవకణజాలం. శస్త్రచికిత్సను గూర్చి ఆలోచించవలె. అండాశయమే మెలితిరిగి దానికి రక్తం అందకపోతే, ఆలస్యం చేయరాదు.

కాని వెలిగినదంతా కాన్సర్ కాదు. హానిలేని కణితులు, వాపులు కూడా వెలుగుతవి. తుది తీర్పు సూక్ష్మదర్శినిదే. ఎవరికి కత్తి అవసరమో, ఎవరు నిశ్చింతగా వేచియుండవచ్చునో ముందుగా తేల్చటంలోనే బుడగల సాక్ష్యానికి విలువ.