బడి బోర్డు మీద 'హెచ్.డబ్ల్యు.': ఆ రెండక్షరాలు తీసేస్తే సరిపోతుందా?

ప్రభుత్వ బడుల జాబితా ఏ మండలానిది తెరిచినా ఊరి పేరు పక్కన బ్రాకెట్లో రెండక్షరాలు తరచూ కనిపిస్తాయి: ఎం.పి.పి.ఎస్. (హెచ్.డబ్ల్యు.). అంటే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, హరిజనవాడ. కొన్నిచోట్ల 'ఎస్సీ కాలనీ' అని విప్పి రాస్తారు. ఊళ్లో ఉన్న బడికి మాత్రం ఉత్త ఊరి పేరే. ఫలానా అగ్రకులం వీధి బడి అని దాని బోర్డు మీద ఎవరూ రాయరు.

ఈ అక్షరాలు బోర్డు మీదే ఆగిపోవు. టీసీ మీదికి, బోనఫైడ్ మీదికి ఎక్కుతాయి. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత ఉద్యోగాలకు స్థానికత తేల్చాలంటే 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారో చూస్తున్నారు. పాతికేళ్లు వచ్చాక కూడా మన పిల్లలు ఆ వాడ బడి కాగితాన్ని తీసుకెళ్లి అధికారి బల్ల మీద పెట్టాల్సిందే. కులం చెప్పుకోవడానికి సిగ్గెందుకని కొందరు మిత్రులు అడుగుతుంటారు. ఇది సిగ్గు సంగతి కాదు. కుల ధ్రువపత్రం మన హక్కు కోసం మనం తీసుకునేది. బడి పేరులో కులం ఊరు మనకు గీసిన గీత.

కుల ధ్రువపత్రాల్లో 'హరిజన' అని రాయొద్దని కేంద్ర హోంశాఖ 1982లోనే రాష్ట్రాలకు చెప్పింది. నలభై ఏళ్లు దాటినా బడుల పేర్లలో ఆ మాట పొట్టి రూపంలో బతికే ఉంది, ఎవరూ విప్పి చదవరు కాబట్టి.

పేరును ధిక్కరించడం మనకు కొత్త కాదు. 1917లో బెజవాడలో జరిగింది పంచమ సభ. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ మాటనే తోసిపుచ్చి, ఆది ఆంధ్రులమని ప్రకటించారు. 1922లో ఎం.సి. రాజా కృషితో మద్రాసు ప్రభుత్వం రికార్డుల్లో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలని ఉత్తర్వు ఇచ్చింది. వర్మ 1910 నాటికే హైదరాబాద్ ఇసామియా బజార్‌లో బడి తెరిచారు. పేరు, బడి ఆయనకు వేర్వేరు పనులు కావు.

కానీ ఇక్కడో మెలిక ఉంది. ఆత్మగౌరవంతో తెచ్చుకున్న పేరే తమిళనాడులో 'ఆది ద్రావిడ సంక్షేమ పాఠశాల' అయి, మళ్లీ వాడ గుర్తుగా మిగిలింది. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులే కొడవళ్లతో దాడి చేశాక అక్కడి ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీ వేసింది. బడుల పేర్లలో కులాన్ని సూచించే మాటలు తీసేయాలని, ఆది ద్రావిడ, కళ్లర్ బడులను కూడా పాఠశాల విద్యాశాఖ కిందికి తేవాలని ఆ కమిటీ 2024 జూన్‌లో సిఫారసు చేసింది. 2025 జూలైలో అక్కడి ప్రభుత్వ హాస్టళ్లన్నీ 'సామాజిక న్యాయ' హాస్టళ్లయ్యాయి. పంజాబ్‌లో 2022 డిసెంబరులో విద్యామంత్రి ఆదేశించాక కొన్ని వారాల్లోనే 56 బడుల పేర్లలోంచి కులాలు పోయాయి. ప్రభుత్వం అనుకుంటే ఎంత త్వరగా అవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అయితే మా అభిప్రాయంలో కులం మాట తీసేయడం సగం పనే. ఆ స్థానంలో ఎవరి పేరు పెడతారు, ఏ బడికి పెడతారు అన్నది మిగతా సగం. ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ గురుకులాలకు అంబేడ్కర్ పేరుంది. రెండు రాష్ట్రాల్లోనూ బీసీ గురుకులాలకు ఫూలే పేరుంది. గౌరవమే, కాదనం. కానీ అంబేడ్కర్ పేరు ఎస్సీ బడికే, ఫూలే పేరు బీసీ బడికే అయినప్పుడు ఆ పేర్లూ హెచ్.డబ్ల్యు. చేసిన పనే చేస్తాయి. ఊరి నడుమ జిల్లా పరిషత్ హైస్కూలుకు అంబేడ్కర్ పేరు పెట్టమని అడిగి చూడండి, తేడా తెలుస్తుంది. కోనసీమ జిల్లాకు ఆయన పేరు చేర్చినందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకు నిప్పు పెట్టారు. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాలని మహారాష్ట్ర శాసనసభ 1978లో తీర్మానించింది. దళిత వాడలు తగలబడ్డాయి. పేరు మారేసరికి 1994 వచ్చింది.

తెలంగాణలో సమీకృత గురుకులాలకు 'యంగ్ ఇండియా' అని పేరు పెడుతున్నారు. గాంధీ నడిపిన ఒక పత్రిక పేరు అది. ఆయన నడిపిన మరో పత్రిక 'హరిజన్'.

డబ్బుతోనూ పేరొస్తుంది. 2022లో మొదలైన 'మన ఊరు - మన బడి'లో కోటి రూపాయలిచ్చిన దాత సూచించిన పేరు బడికి, పది లక్షలిస్తే తరగతి గదికి పెట్టే వెసులుబాటు ఇచ్చారు. బడికి గోడలు లేచిన రోజుల్లో మట్టి మోసిన కూలీ తల్లుల వాటాకు ఈ లెక్కలో చోటు లేదు.

పేరు మార్పు అడిగే సంఘాలకు కొన్ని ఆచరణ విషయాలు. మన వాడల్లోని ఎం.పి.పి.ఎస్.లు సంక్షేమశాఖవి కావు, మండల పరిషత్‌వి. పేరు మారితే నిధులు పోతాయని ఎవరైనా భయపెడితే నమ్మొద్దు. బడికుండే 11 అంకెల యూడైస్ కోడ్ అదే ఉంటుంది. అసలు ప్రమాదం విలీనం. పిల్లలు తగ్గారని వాడ బడిని ఊరి బడిలో కలిపేస్తే పేరు సమస్య తీరిపోతుంది, బడితో సహా. కాబట్టి పేరు మార్పు అర్జీలోనే బడి కొనసాగింపునూ అడగాలి.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది మహిళలుండాలి. మొదటి తీర్మానం అక్కడ జరగాలి, తర్వాత గ్రామసభలో. రెండు తీర్మానాలూ జతచేసి మండల విద్యాధికారికి ఇచ్చి, రసీదు తీసుకోవాలి. వాడ బడికీ ఊరి హైస్కూలుకూ ఒకేసారి అడగడం మంచిది. పాత పేరుతో ఇచ్చిన టీసీలు, బోనఫైడ్లు చెల్లుతాయని ఉత్తర్వులోనే ఒక వాక్యం రాయించుకోవాలి. లేకపోతే రెండు పేర్లూ ఒకే బడివని రుజువు చేసుకోవడానికి పాత విద్యార్థులు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.