రాజ్యాంగంపై తెలుగు సంతకాలు

భారత రాజ్యాంగాన్ని రాజ్యాంగ సభ 1949 నవంబరు 26న ఆమోదించింది. సభ్యుల సంతకాలు మాత్రం 1950 జనవరి 24న జరిగాయి. ఆ రోజు బల్ల మీద మూడు ప్రతులు ఉంచారు: ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా స్వహస్తంతో రాసిన ఇంగ్లీషు ప్రతి, చేతిరాత హిందీ ప్రతి, అచ్చయిన ఇంగ్లీషు ప్రతి. చేతిరాత ప్రతుల పుటలను నందలాల్ బోస్, ఆయన శాంతినికేతన్ శిష్యులు చిత్రాలతో అలంకరించారు. సంతకం చేసినవారు 284 మంది. నెహ్రూ ముందుగా చేశారు. సభాధ్యక్షుడు రాజేంద్ర ప్రసాద్ సంతకం నెహ్రూ పేరుకు పైన మిగిలిన కాస్త జాగాలో ఏటవాలుగా ఒదిగి కనిపిస్తుంది.

సభలోని తెలుగు సభ్యుల్లో ఎక్కువమందిని 1946 జూలైలో మద్రాసు శాసనసభ ఎన్నుకుంది. టంగుటూరి ప్రకాశం, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డి, కల్లూరు సుబ్బారావు, మాడభూషి అనంతశయనం అయ్యంగార్ ఆ సభలో కూర్చున్నారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఏడుగురు సభ్యుల ముసాయిదా సంఘంలో ఒకరు. అక్షరం రాని కోట్లాది జనానికి ఓటిచ్చే సాహసాన్ని ఆయన చివరి చర్చల్లో మనసారా సమర్థించారు. ఊరే పాలనకు పునాది కావాలని ప్రకాశం పట్టుబట్టారు. గ్రామ పంచాయతీల ప్రస్తావన ఆదేశిక సూత్రాల్లో చేరడం వెనుక ఆయనలాంటివారి ఒత్తిడి ఉంది.

రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి సంతకానికి ప్రత్యేక స్థానం ఉంది. చిన్నతనంలోనే హిందీ పాఠశాల నడిపి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన ఆమె, సభాధ్యక్షుని స్థానంలో కూర్చునే ప్యానెల్‌లో ఏకైక మహిళ. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుంచి 30 ఏళ్లకు తగ్గించాలన్న సవరణ ఆమెదే. అప్పటికి ఆమె ఇంకా దేశ్‌ముఖ్ కాలేదు. సి.డి. దేశ్‌ముఖ్‌తో వివాహం 1953లో జరిగింది. హిందీ ప్రతిలోనూ ఒక తెలుగువాడి శ్రమ ఉంది. ఆ అనువాద సంఘంలో పనిచేసిన మోటూరి సత్యనారాయణే తరువాత తెలుగు భాషా సమితి ద్వారా విజ్ఞాన సర్వస్వ సంపుటాలు వెలువడటానికి పూనుకున్నారు.

ఈ పేర్లన్నీ మద్రాసు రాష్ట్రం వైపువి. ఆర్మూరు, నిజామాబాదు సహా తెలంగాణ జిల్లాలన్నీ అప్పట్లో హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. జనాభా లెక్కన ఆ సంస్థానానికి రాజ్యాంగ సభలో 16 స్థానాలు కేటాయించారు. భారత, పాకిస్తాన్ రాజ్యాంగ సభల్లో దేనికీ ప్రతినిధులను పంపబోనని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1947 జూన్‌లో ప్రకటించాడు. సంస్థానాన్ని భారత్‌లో కలిపిన 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత కూడా ఆ స్థానాలు భర్తీ కాలేదు. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు సభలో ఉన్నా, ఆమె బీహారు ప్రతినిధి. సంతకాల నాటికి ఆమె జీవించి లేరు, 1949 మార్చి 2న కన్నుమూశారు.

రాజ్యాంగ చరిత్ర చెప్పేవారు సంతకాల పట్టికతో ఆగిపోవడం వల్ల ఈ ఖాళీ మరుగున పడింది. ఢిల్లీలో ముసాయిదా సిద్ధమవుతున్న 1948లో, ఆర్మూరుకు దగ్గరలోని ఇందూరు (నిజామాబాదు) కోట జైలులో కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్నారు. దాశరథి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. బాధ్యతాయుత ప్రభుత్వం కోరి కటకటాల పాలైనవారికి రాజ్యాంగ సభలో చోటు దొరకలేదు. హైదరాబాదుకు రాజ్యాంగం వచ్చింది నిజాం ఫర్మానాతో. భారత రాజ్యాంగమే తన సంస్థానానికీ వర్తిస్తుందని 1949 నవంబరు 23న ఆయన ఆమోదం తెలిపాడు. అందులో ప్రజల ధ్రువీకరణకు లోబడి అన్న షరతూ ఉంది. 1950 జనవరి 26న ఆయనే రాజప్రముఖ్, అంటే రాష్ట్రాధిపతి అయ్యాడు.

నిజామాబాదు ప్రాంతపు రైతుకూలీ, చేనేత కార్మికుడు, ఇంటి ఇల్లాలు వయోజన ఓటుతో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో పాల్గొన్నది 1952లో. నిజామాబాదు నుంచి లోక్‌సభకు హరీశ్‌చంద్ర హెడా ఎన్నికయ్యారు.

ఈ ప్రాంతపు రాజ్యాంగ చరిత్రలో 2019 నాటి ఘట్టాన్నీ చేర్చాలి. పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోరుతూ ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల రైతులు నిజామాబాదు లోక్‌సభ స్థానానికి వరుసకట్టి నామినేషన్లు వేశారు. తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టిన పసుపు కొమ్ము మార్కెట్ యార్డులో ధర పలకకపోతే ఆ రైతు కుటుంబానికి ఏడాది కష్టానికి ఏమీ మిగలదు. బరిలో నిలిచిన 185 మందిలో 170 మందికి పైగా రైతులే. 1963 నాటి పదహారో సవరణ ప్రకారం అభ్యర్థి ప్రతి ఒక్కరూ రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తూ ప్రమాణ పత్రంపై సంతకం చేయాలి. ఆ రైతులందరూ చేశారు. అంతమంది పేర్లకు తగినన్ని ఓటింగ్ యంత్రాలను ఒక్కో కేంద్రంలో పక్కపక్కన పేర్చి ఏప్రిల్ 11న పోలింగ్ జరిపారు. జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు ప్రధాన కేంద్రంగా 2025 జనవరిలో ఆరంభమైంది.