జపాన్ చార్టూ, దర్జీ టేపూ

పోయిన నెల మా అమ్మాయికి (ఏడో తరగతి లెండి) స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. క్లాసులో చీటీలు వేసి తలా ఒక ప్రాచీన నాగరికత పంచారట. ఒకరికి ఈజిప్టు, ఒకరికి గ్రీసు, మా పిల్లకి జపాన్. "ప్రాచీన జపాన్ సంస్కృతి, సమాజం" అని చార్టు చెయ్యాలి. ఆన్‌సైటు పుణ్యమా అని నేను రెండేళ్ళు టోక్యోలో ఉండి వచ్చినవాణ్ణి కదా, "నాన్న ఉన్నాడుగా, నాకేం" అని తెగ ధీమాగా ఉంది.

శనివారం సాయంత్రానికల్లా చార్టు సగం తయారైపోయింది. సమురాయ్, నింజా, గీషా, సుషీ... అన్నిటికీ కలర్ ప్రింట్లు తీసి అంటించేసింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఒకటే చిక్కు. అందులో ప్రాచీనమైనది ఒక్కటీ లేదు!

ఆ మాట అనేసరికి మొహం ముడుచుకుంది. కాసేపు అలిగి, తర్వాత మెల్లగా అడిగింది. "మరి ప్రాచీనం అంటే ఎంత పాతది నాన్నా?"

మంచి ప్రశ్నే. మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి దర్జీ టేపు తెచ్చి హాల్లో నేల మీద పరిచాను. మొత్తం 150 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరుకి వందేళ్ళు లెక్క, సున్నా దగ్గర ఇవాళ. ముందు దాని బొమ్మలే పెట్టించాను. గీషా వృత్తి మొదలైంది 18వ శతాబ్దంలో, అంటే మూడు సెంటీమీటర్ల లోపే. అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇచ్చే సుషీ 19వ శతాబ్దపు ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, వీధి బళ్ళ మీద అమ్మిన తిండి. రెండు సెంటీమీటర్లు. సమురాయ్‌ల ప్రభుత్వం ఏర్పడింది 12వ శతాబ్దం చివర. ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు, అంతే.

"ఇప్పుడు జపాన్లో దొరికిన అన్నిటికంటే పాత కుండ పెంకుల్లో ఒకటి పెట్టు" అన్నాను. ఉత్తరాన ఆమోరి ప్రాంతంలో దొరికిన పెంకులు సుమారు 16,000 ఏళ్ళ నాటివి. టేపు చాల్లేదు. చివరినుంచి ఇంకో బెత్తెడు అవతల, సోఫా కాలి దగ్గర, రబ్బరు ముక్క పెట్టింది. అప్పుడు ఒకసారి లేచి నిలబడి మొత్తం చూసింది. దాని బొమ్మలన్నీ ఒక మూల ఇరుక్కుని ఉన్నాయి. మిగతా టేపంతా ఖాళీ.

ఆ ఖాళీలో ఏముందో చెప్పడానికి మూడు ఆదివారాలు పట్టింది.

ఎక్కువ భాగం జోమోన్ కాలం. జోమోన్ అంటే తాడు అచ్చు. పచ్చి కుండ మీద తాడు ఒత్తి నగిషీ చేసేవాళ్ళు. 1877లో ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ జంతుశాస్త్రవేత్త సముద్ర జీవుల మీద పరిశోధన కోసం జపాన్ వచ్చి, యొకొహామా నుంచి టోక్యో వెళ్తూ రైలు కిటికీలోంచి ఒక గవ్వల దిబ్బ చూశాడు. తవ్విస్తే ఈ కుండలు బయటపడ్డాయి. వాళ్ళు వేట, చేపలు, అడవి కాయల మీద బతికినవాళ్ళే, కానీ ఊళ్ళు కట్టుకుని స్థిరంగా ఉన్నారు. సన్నాయ్ మరుయామా అనే చోట 1992లో బేస్‌బాల్ స్టేడియం కోసం తవ్వుతుంటే పెద్ద ఊరే బయటపడింది. స్టేడియం పని ఆపేసి ఊరిని కాపాడుకున్నారు. వ్యవసాయం లేకపోతే ఊరే ఉండదు అని మనం చిన్నప్పుడు చదువుకున్నది అక్కడ తేలిపోతుంది.

తర్వాత కొరియా వైపు నుంచి వరి సాగు వచ్చింది. ఇది 25, 30 సెంటీమీటర్ల మధ్య. వరి వచ్చాక గాదెలు వచ్చాయి, గాదెల వెనకే కందకాలు, కావలి మంచెలు, తల లేని అస్థిపంజరాలు. క్యూషూ దీవిలో యోషినొగారి దగ్గర ఇవన్నీ దొరికాయి. "బియ్యం దాచుకుంటే కొట్టుకున్నారా?" అంది మా అమ్మాయి. సమాజం పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది కదండీ! క్రీ.శ. 3వ శతాబ్దంలో హిమికో అనే రాణి ఉండేదని, చైనాకి రాయబారులను పంపిందని మనకి తెలిసింది చైనా వాళ్ళ పుస్తకాల వల్లే. అప్పటికి జపాన్ వాళ్ళు తమ చరిత్ర తాము రాసుకోవడం లేదు.

లిపి చైనా నుంచి తెచ్చుకున్నారు. ఆ అక్షరాలనే కోసి, కుదించి, 9వ శతాబ్దానికల్లా తమ మాటకి సరిపోయే 'కన' అక్షరాలు చేసుకున్నారు. నా పాత హిరగన పట్టిక తీసి మా అమ్మాయి చేత చదివించాను. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. "ఇది మన వరసే కదా!" అని ఎగిరి గంతేసింది. నిజమే. సంస్కృత అక్షరాలు నేర్చుకున్న బౌద్ధ పండితుల వల్ల వచ్చిన వరస అది. చ ఉండాల్సిన చోట స ఉంది. ఈ 'హ' ఒకప్పుడు 'ప' అని భాషాశాస్త్రవేత్తల మాట. అది పెట్టి చదవండి, కచటతపలు కనిపిస్తాయి. 752లో నారాలో మహాబుద్ధ విగ్రహానికి కళ్ళు దిద్దే క్రతువు చేసింది కూడా మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడే.

ఇక్కడ నేను కాస్త కాలర్ ఎగరేశాను, దాచుకోను. ఫ్యామిలీ గ్రూపులో "జపాన్‌కి అక్షరాలు నేర్పింది మనమే" అని టైపు చేసి, పంపబోయి ఆగాను. వరస మనది, అక్షరాలు చైనావి, పని వాళ్ళది. ఆ రెండో ముక్కా మూడో ముక్కా రాస్తే ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. ఇలాంటి సగం ముక్కలు నేనూ చాలానే ఫార్వర్డ్ చేసినవాణ్ణి.

అందుకే మూడో ఆదివారం చార్టులో పట్టని సంగతి ఒకటి చెప్పాను.

యుద్ధానికి ముందు జపాన్ బళ్ళలో చరిత్ర దేవతలతో మొదలయ్యేది. సూర్యదేవత వంశంలో పుట్టిన జిమ్ము చక్రవర్తి క్రీ.పూ. 660లో సింహాసనం ఎక్కాడని పిల్లలకి చరిత్రగానే నేర్పేవారు. టేపు మీద చూడండి, 27 సెంటీమీటర్లు. వరి మళ్ళే కొత్త. రాజధానీ లేదు, లిపీ లేదు. ఆ పాత కథలు తర్వాతి కాలంలో రాజవంశం కోసం కూర్చినవని రాసిన త్సుదా సోకిచి అనే ప్రొఫెసర్ పుస్తకాలను 1940లో నిషేధించారు, 1942లో శిక్ష వేశారు. అదే 1940లో 2600 ఏళ్ళ పండగ దేశమంతా చేశారు. ఆ ఏడు సైన్యంలోకి తీసుకున్న యుద్ధ విమానానికి 2600లోని చివరి సున్నాని బట్టే 'జీరో' అని పేరు. మరుసటి ఏడు పెర్ల్ హార్బర్ మీద దాడిలో బాంబర్లకి తోడుగా వెళ్ళినవి అవే.

1945లో ఓడిపోయాక అవే బళ్ళలో టీచర్లు ఏ వరసలు కొట్టెయ్యాలో చెప్తే, పిల్లలు కుంచెతో సిరా పూసి తమ పుస్తకాలను తామే నల్లగా చేశారు. నిన్నటిదాకా కంఠతా పట్టించినదాన్ని! ఆ పిల్లలు ఇక పెద్దవాళ్ళ మాట ఏం నమ్ముతారు? 1946లో వచ్చిన కొత్త చరిత్ర పుస్తకం దేవతలతో కాక రాతియుగంతో మొదలైంది. 1947 నుంచి షిజుఓకా దగ్గర తోరో అనే చోట పాత వరి మళ్ళు తవ్వారు. యుద్ధ సమయంలో, 1943లో, ఫ్యాక్టరీ కడుతుంటే బయటపడ్డ చోటు అది. ఆ తవ్వకాల్లో విద్యార్థులు కూడా పనిచేశారు. సిరా పూసిన తరం తమ చేత్తో మట్టి తవ్వి తమ చరిత్ర చూసుకుంది. నాకు జపాన్ చరిత్రలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే.

అంతటితో కథ కంచికి పోలేదు. షినిచి ఫుజిమురా అనే ఔత్సాహికుడు ఎక్కడ తవ్వితే అక్కడ లక్షల ఏళ్ళ నాటి రాతి పనిముట్లు దొరికేవి. 'దేవుడి చేతులు' అని బిరుదు కూడా ఇచ్చారు. పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కించారు. 2000 నవంబరులో మైనిచి పత్రిక, అతనే రాళ్ళు పాతిపెడుతున్న ఫోటోలు అచ్చేసింది. మళ్ళీ పాఠాలు మార్చుకోవాల్సి వచ్చింది. ఈసారి బలవంతపెట్టిన ప్రభుత్వం లేదు. మన నేల మీద మనుషులు ఇంకా ఇంకా పాతవాళ్ళు అని వినాలన్న సరదా చాలు.

మనం కోడ్ రివ్యూలో "ఈ విలువ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడక్కుండా ఒక్క లైను కూడా ఒప్పుకోం. ఇంటికొచ్చి పిల్లలకి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని చరిత్ర చెప్పేస్తాం. పరాయి దేశం గురించైతే నింజా బొమ్మలు, మన గురించైతే గొప్పలు. రెండూ ఒకటే బద్ధకం.

చివరికి చార్టు మా అమ్మాయే మళ్ళీ చేసింది. ప్రతి బొమ్మ కింద రెండు గళ్ళు: "ఎప్పటిది?", "మనకెలా తెలుసు?". సమురాయ్, గీషా అడుగున ఒక మూలకి పోయారు. "మరీ బోసిగా ఉంది, సమురాయ్‌లు పెద్దగా ఉంటే బాగుండేది" అని టీచరు అన్నారట. మార్కులు ఓ మోస్తరుగా వచ్చాయి. దానికేం పెద్ద బాధ ఉన్నట్టు లేదు.

టేపు తిరిగి సొరుగులో పెడుతుంటే అడిగింది. "నాన్నా, మన చరిత్రకి కూడా ఇలా టేపు పెడదామా?"

వచ్చే ఆదివారం అని మాటిచ్చాను. జపాన్ కంటే ఇది కష్టం. నాకు ఇష్టమైనవి ఎన్ని టేపు మీద జరుగుతాయో అని ఇప్పట్నుంచే గుబులుగా ఉంది. అయినా పెడతాను.