ఆ తొంభై శాతంలో లేని పసివాళ్ళు

మొన్న మా టీమ్‌లో ఒకతను రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. వాళ్ళ అక్క కూతురికి ల్యుకేమియా అట, ఐదు నెలల పాప. లంచ్ దగ్గర తలా ఒక ధైర్యం చెప్పాం. "పిల్లల్లో ఇప్పుడు తొంభై శాతం నయమైపోతోంది, కంగారు పడకు" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాక అర్థమయింది, నేను చెప్పిన అంకె ఆ పాపది కాదని.

అసలు ఆ తొంభై ఎక్కడ్నించి వచ్చిందో చూద్దాం. ఈ కథ మొదట్లోనే మనవాడు ఒకాయన ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ల్యాబ్స్‌లో పరిశోధన విభాగానికి పెద్ద. ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించి కణాన్ని మోసం చేసే మందుల్ని ఆయన బృందం తయారుచేసింది. అందులో ఒకటి అమినాప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకి ఇచ్చి చూశాడు. 1948 జూన్‌లో వచ్చిన పేపర్ ప్రకారం 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్ని నెలలకే మళ్ళీ తిరగబెట్టిందనుకోండి, కానీ అంతకు ముందు ఆ కొన్ని నెలలు కూడా లేవు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్ళకే పోయారు. 1960ల నుంచి నాలుగైదు మందులు కలిపి ఇవ్వడం మొదలై, మెల్లగా పెరుగుతూ సంపన్న దేశాల్లో ఈ అంకె తొంభైకి చేరింది.

ఈ తొంభై ప్రధానంగా రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలది. లింఫోబ్లాస్టిక్ రకం (ఏఎల్ఎల్) ఎక్కువగా వచ్చేది ఆ వయసులోనే. ఆ రకం వచ్చిన పిల్లల్లో ఏడాది నిండనివాళ్ళు ఐదు శాతానికి మించరు. మనం సర్వర్ సగటు రెస్పాన్స్ టైమ్ బ్రహ్మాండంగా ఉందని రిపోర్టు పంపేస్తాం చూడండి, ఒక రకం రిక్వెస్టులు మాత్రం సగం టైమౌట్ అవుతున్నా సరే! అలాగే జరిగింది.

ఇంకో విచిత్రం. పెద్ద పిల్లల్లో ల్యుకేమియా అంటే నాలుగింట మూడు వంతులు ఏఎల్ఎల్, మిగతాది చాలావరకు మైలాయిడ్ రకం (ఏఎమ్ఎల్). ఏఎమ్ఎల్ మొండిది. పసివాళ్ళలో మాత్రం రెండూ ఇంచుమించు సమానంగా వస్తాయి. ఏఎమ్ఎల్ వచ్చిన పసివాళ్ళ ఫలితాలు పెద్ద పిల్లల ఫలితాలకి దగ్గరగానే ఉంటాయి. "మంచి రకం" అని పేరున్న ఏఎల్ఎల్లే వీళ్ళ దగ్గర తిరగబడుతుంది. అందులోనూ ఆరు నెలల లోపు అయితే ఎక్కువ ప్రమాదం, మూడు నెలల లోపు అయితే ఇంకా ఎక్కువ.

వయసుకీ జబ్బుకీ ఏమిటీ సంబంధం? మొదటి ఆధారం 1975లో లండన్‌లో దొరికింది. మెల్ గ్రీవ్స్ బృందం మామూలు ఏఎల్ఎల్ కణాల మీద ఒక గుర్తు కనిపెట్టింది. పసివాళ్ళ కణాల మీద చాలామందిలో ఆ గుర్తు ఉండదని తర్వాత తేలింది. 1991, 92లలో అసలు దోషి దొరికింది: 11వ క్రోమోజోమ్‌లో ఎమ్ఎల్ఎల్ అనే జన్యువు (ఇప్పుడు కేఎమ్‌టీ2ఏ అంటున్నారు). అది మధ్యలో తెగి ఇంకో క్రోమోజోమ్ ముక్కతో అతుక్కుంటుంది. ఏఎల్ఎల్ ఉన్న పసివాళ్ళలో 70 నుంచి 80 శాతం మందికి ఇదే. ఈ అతుకు లేని పసివాళ్ళు చాలా మెరుగ్గా కోలుకుంటారు.

ఆ అతుకు ఎప్పుడు పడింది? ఇక్కడే కవలలు వస్తారు. 1993లో గ్రీవ్స్ బృందం జబ్బుపడిన కవలల్ని పరీక్షిస్తే ఇద్దరిలోనూ జన్యువు అక్షరం తేడా లేకుండా ఒకే చోట తెగి ఉంది. అమ్మానాన్నల నుంచి వచ్చింది కాదు. అంటే కడుపులోనే ఒకరిలో పుట్టి, ఇద్దరూ పంచుకున్న మాయ గుండా రెండోవారికి చేరిందన్నమాట. 1997లో ఇంకా గట్టి రుజువు దొరికింది. 1960ల నుంచి చాలా దేశాల్లో పుట్టిన బిడ్డ మడమ మీద పొడిచి రెండు చుక్కల రక్తం ఫిల్టర్ కాగితం మీద తీసుకుంటున్నారు, వేరే జబ్బుల పరీక్ష కోసం. ముగ్గురు పిల్లల పాత కాగితాలు బయటికి తీసి చూస్తే, పుట్టిన రోజుల్లోనే ఆ అతుకు ఉంది! ఎవరో వేరే పనికి దాచిన పాత లాగ్ ఫైల్లో మన బగ్ దొరికినట్టు.

తర్వాత పెద్ద పిల్లల కాగితాలూ చూశారు. వాళ్ళలోనూ మొదటి తప్పు తరచుగా కడుపులోనే పడుతుంది, కానీ జబ్బు రావాలంటే తర్వాత ఇంకో దెబ్బ తగలాలి. చాలామందికి అది తగలదు కూడా. పసివాళ్ళ అతుకుకి రెండో దెబ్బ అవసరం పెద్దగా లేదు. 2015లో వాళ్ళ కణాల జీనోమ్ మొత్తం చదివితే మిగతా తప్పులు సగటున రెండు కూడా లేవు. నెలల్లోనే జబ్బు బయటపడేది అందుకే.

ఇంత తెలిసినా వైద్యం కదలడానికి చాలా కాలం పట్టింది. ఏ ఒక్క దేశంలోనూ సరిపడా పసివాళ్ళు లేక, 1999లో చాలా దేశాలు కలిసి ఇంటర్‌ఫాంట్ అనే ట్రయల్ పెట్టాయి. 482 మంది పిల్లలు. జబ్బు తిరగబెట్టకుండా నాలుగేళ్ళు నిలిచింది 47 శాతం. దాని తర్వాతి ట్రయల్లోనూ దాదాపు అంతే. 2023లో మాత్రం ఒక మంచి వార్త వచ్చింది. బ్లినాటుమొమాబ్ అనే మందు ఒక వైపు క్యాన్సర్ కణాన్ని, ఇంకో వైపు మన రక్షక కణాన్ని పట్టుకుని దగ్గరికి లాగుతుంది. ఈ అతుకు ఉన్న 30 మంది పసివాళ్ళకి కీమోతో పాటు దాన్ని ఒక్క కోర్సు ఇస్తే, రెండేళ్ళ తర్వాత జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు సుమారు 82 శాతం. పాత లెక్క 49. ముప్పై మందే, నిజమే... కానీ నలభై ఏళ్ళ ఎదురుచూపు తర్వాత వచ్చిన అంకె ఇది.

మర్నాడు మావాడిని పక్కకి పిలిచి, నేను చెప్పిన తొంభై తప్పని ఒప్పుకున్నాను. ఏ రకమో, ఆ జన్యువు రిపోర్టు వచ్చిందో లేదో డాక్టర్ని అడగమన్నాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అక్క ఒకటే అడుగుతోందిరా, కడుపుతో ఉన్నప్పుడు నేనేం తప్పు చేశానని" అన్నాడు. తల్లి చేసిన ఫలానా పని వల్లే ఇది వస్తుందని ఇంతవరకూ రుజువు కాలేదని చెప్పాను. అది ఇప్పుడే ఫోన్ చేసి చెప్తానని బయటికి వెళ్ళాడు.