మన మందిరంలో చంద్రయాన్ చూసిన సాయంత్రం



2023 ఆగస్టు 23, బుధవారం. మామూలుగా ఆ సాయంత్రం మనకు ప్రార్థన కూడిక. ఆ రోజు కూడికను గంట వెనక్కి జరిపి, వేసవిలో పిల్లల బైబిలు పాఠాలకు వాడే ప్రొజెక్టరును మందిరంలో పెట్టించాము. తెర లేదు గనుక తెల్ల దుప్పటి కట్టాము. "ప్రార్థన చేసుకునే చోట టీవీ ఏంటండీ అయ్యగారూ?" అని పెద్దలలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మా మీద ఒక పాత బాకీ ఉంది. అప్పుడు ఆయనకు చెప్పలేకపోయాము.

నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 2019 సెప్టెంబరు 6, శుక్రవారం. రాత్రి ప్రార్థన ముగిసేసరికి పన్నెండు దాటింది. యవనస్థులు ఇళ్ళకు వెళ్ళకుండా మా ఇంట్లో టీవీ ముందు చేరారు. మీ అమ్మగారు టీ పెట్టారు. జులై 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-2 ఆ తెల్లవారుజామున దిగాలి. చంద్రుడికి 30 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 6,000 కిలోమీటర్ల వేగంతో పోతున్న విక్రమ్ ల్యాండరు పావుగంటలో నెమ్మదించి కాళ్ళు మోపాలన్నమాట. గాలి లేని చోట పారాచూటు పనికిరాదు, ఇంజన్లే ఆపాలి. టీవీలో బొమ్మ ఏమీ రాదు. ఒక గీత, దాని వెంట జారే చుక్క, పక్కన అంకెలు. రెండు గంటలు కావస్తుండగా ఆ చుక్క గీత తప్పింది. 2.1 కిలోమీటర్ల ఎత్తు దాటి కిందికి వచ్చాక సంకేతాలు ఆగిపోయాయి. మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. టీ గ్లాసులు అలాగే ఉండిపోయాయి.

ఆ ఆదివారం మేము బాబెలు గోపురం మీద ప్రసంగించాము. మనుష్యుల గర్వం, ఆకాశం, పడిపోవడం... మాటలు బాగా కుదిరాయి. కూడిక అయ్యాక డిప్లొమా చదివే కుర్రాడొకడు మెట్ల దగ్గర ఆపాడు. "అయ్యగారూ, క్రిస్మస్‌కి అపోలో-8 గురించి మీరే చెప్పారు కదండి. అమెరికావోళ్ళు చంద్రుడి దగ్గరికెళ్తే సాక్ష్యం, మనోళ్ళు వెళ్తే గర్వమాండి?"

నిజమే, చెప్పాము. 1968 డిసెంబరు 24న ముగ్గురు వ్యోమగాములు చంద్రుని చుట్టూ తిరుగుతూ ఆదికాండము మొదటి అధ్యాయం చదివారని ఎన్ని క్రిస్మస్‌లకు చెప్పామో! వాడికి జవాబు చెప్పలేదు. "తర్వాత మాట్లాడుకుందాం" అన్నాము. మెల్లగా వాడు మందిరానికి రావడం తగ్గించాడు.

వాళ్ళ నాయనమ్మ ద్వారా తరువాత సంగతి తెలిసింది. 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమను ఊడ్చేసిన తుపానులో వాళ్ళ తాత వేటకెళ్ళి తిరిగి రాలేదు. వెయ్యిమందికి పైగా పోయిన తుపాను అది, కొబ్బరి తోటలు నేలకొరిగాయి, మనలో నడివయసు దాటినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వాడు పుట్టకముందు సంగతే గానీ ఇంట్లో రోజూ విన్నాడు. అందుకే తుపానును పైనుంచి కనిపెట్టే ఇన్‌శాట్ ఉపగ్రహాలంటే వాడికి చిన్నప్పటినుంచి పిచ్చి. మేము అలాంటివాడి ముందు బాబెలు చెప్పాము.

ఇస్రో వాళ్ళు ఏం చేశారో కూడా ఆలస్యంగానే చదివాము. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోశాయనీ, ఆ తేడాలు పోగుపడ్డాయనీ, దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరం మాత్రమే కావడం ఇబ్బంది అయిందనీ అప్పటి ఛైర్మన్ సోమనాథ్ గారు బహిరంగంగా వివరించారు. ఈసారి ఆ చోటును సుమారు 4 కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. మధ్య ఇంజను తీసేశారు, కాళ్ళు గట్టిచేశారు, ఇంధనం పెంచారు. ఏమేం తప్పు జరగొచ్చో ముందే రాసుకుని కట్టారు. మేము మా ప్రసంగాన్ని ఎప్పుడైనా అలా విప్పి చూసుకున్నామా?

ఆ బుధవారం వాడికి ఫోను చేసి "ప్రొజెక్టరు పని చేయడంలేదు, వస్తావా" అన్నాము. పని చేస్తూనే ఉంది. (అబద్ధమే. క్షమించండి.) పనిచేసే చోట సెలవు అడిగి అమలాపురం నుంచి బండి మీద వచ్చాడు. అయిదుంపావుకే మందిరం నిండింది. నాలుగు రోజుల క్రితమే రష్యావాళ్ళ లూనా-25 కూలిపోయిందని అందరికీ తెలుసు, అందుకే నవ్వులు లేవు. 5:45కు దిగడం మొదలైంది.

150 మీటర్ల ఎత్తు దగ్గర అంకెలు ఆగినట్టయింది. "అయిపోయింది, మళ్ళీ పోయింది" అని వెనకనుంచి ఎవరో అన్నారు. మాకూ 2019 చుక్క కళ్ళముందు నిలిచింది. అప్పుడు వాడు లేచి నిలబడి, "పోలేదండీ, రాళ్ళు గుంటలు లేని చోటు చూసుకుంటుంది. ఉండండి, ఉండండి" అన్నాడు. అంత మంది వాడి మాట మీద ఊపిరి బిగబట్టారు. 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ దిగింది. చంద్రుని దక్షిణ ధ్రువం దగ్గర ఏ దేశమూ అంతకు ముందు దిగలేదు. స్త్రీలు చప్పట్లు కొడుతూ ఏడ్చారు. ప్రార్థన చోట టీవీ ఏంటన్న పెద్దాయనే ముందుగా స్తోత్రం అన్నారు.

ఏడు గంటలకు దుప్పటి విప్పి, 8వ కీర్తన చదివి, ప్రార్థన చేసుకున్నాము.

27వ తేదీ ఆదివారం, అదే పల్పిట్ మీద నిలబడి, 2019లో చేసిన ప్రసంగం తప్పని ఒప్పుకున్నాము. వాడు లేడు, ఆదివారం డ్యూటీ. వాళ్ళ నాయనమ్మ రెండో వరుసలో కూర్చుంది. బయటికి వెళ్తూ కొంగు సర్దుకుని, "ఆడికి నే చెప్తాన్లెండి అయ్యగారూ, మీరు కూడా ఓసారి చెప్పండి" అంది.