కొండెక్కిన దీపం, కొండెక్కిన రేడియో

దీపం ఆరిపోయిందని అనడం ఇష్టంలేక మన పెద్దవాళ్లు "కొండెక్కింది" అంటారు. గోదావరి అడవుల్లో రెండొందల ఏళ్ల కిందట దీపాలు నిజంగానే కొండలెక్కాయి, వెలగడానికే ఎక్కాయి.

1819లో జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల మధ్య నిజాం రాజ్యంలో సర్వే చేశాడు. ఒక కొండ మీద గుర్తు పెట్టించి, ఇంకో కొండ మీంచి కోణం కొలవడం ఆ పని. పగటి ఎండలో కనపడని గుర్తు రాత్రి దీపం పెడితే కనపడేది. చల్లబడ్డ గాలి పొరల్లో వెలుగు కాస్త కిందికి వంగడమే దానికి కారణం. అడవి జ్వరం ఆ బృందాన్ని కూల్చేసింది. ఎవరెస్ట్ కోలుకోడానికి 1820లో ఆఫ్రికా కొసకి వెళ్లాల్సి వచ్చింది. సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో, అంటే ఇప్పటి మన మహారాష్ట్రలోనే, కన్నుమూశాడు.

తర్వాత సరిహద్దులు మారుతూ వచ్చాయి. 1860లో నిజాం సిరోంచ సీమను ఇంగ్లీషువాళ్లకి ఇచ్చేశాడు. 1960లో అది మహారాష్ట్ర అయింది, 1982లో గడ్చిరోలి జిల్లాలోకి వచ్చింది. మాలాంటి తెలుగిళ్లు ఉన్నచోటనే ఉన్నాయి, చిరునామాలే మారాయి. ప్రాణహిత అవతల కాళేశ్వరం, ఇవతల మనం.

కొండ మీద అమెచ్యూర్ రేడియో కూడా అదే సూత్రం మీద నడుస్తుంది. 145 మెగాహెర్ట్జ్ తరంగం దాదాపు చూపు పోయినంత దూరమే పోతుంది, గాలిలో వంగడం వల్ల ఇంకొంచెం ఎక్కువ. నేల మీద నిలబడి మాట్లాడితే 5 కిలోమీటర్లు. చుట్టూ ఉన్న నేలకన్నా 225 మీటర్ల ఎత్తున్న కొండెక్కితే, అడ్డం లేకపోతే, 60 కిలోమీటర్ల పైమాటే. సిరోంచ నుంచి మంచిర్యాల గీత గీసినట్టు కొలిస్తే 50 చిల్లరే! చేతిలో 5 వాట్ల సెట్టు, ఒక బ్యాటరీ, మడిచి పెట్టుకునే యాంటెన్నా చాలు.

ఇదంతా సరదాకే అనుకోకండి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉండగా సునామీ వచ్చింది. ఫోన్లు పోయినచోట వాళ్ల రేడియోయే కబురు మోసింది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో రోడ్డు మునిగి, కరెంటు పోతే, టవర్ బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది?

దీనికి కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. 12 ఏళ్లు నిండిన పిల్లలూ రాయొచ్చు. మన జిల్లా సంగతి తెలిసిందే కదా, అడవిలో యాంటెన్నా ఎత్తితే అనుమానం రాక మానదు. పోలీసు స్టేషన్లో ముందే చెప్పి, లైసెన్సు జేబులో పెట్టుకునే కొండెక్కాలి.

మన పిల్లలు మరాఠీ బడిలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఏటికి రెండు గట్ల మీదా కబురు చెప్పగలిగేది వాళ్లే. ఇంటికొకరైనా ఆ పరీక్ష రాస్తే బాగుంటుందని మా మాట.